కాలు తీసినా పికప్ లాగేస్తోందా? తీగ ఒక్కటే చూస్తే చాలదు!

యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాక కూడా పికప్ ముందుకు లాగుతోందంటే, షెడ్డులో వినిపించే మొదటి మాట ఒకటే: ‘కేబుల్ పట్టేసింది, మార్చేద్దాం.’ చాలాసార్లు అది కరెక్టే. మా బండికి మాత్రం రెండు కేబుళ్లు, ఒక స్ప్రింగు మారాయి. జబ్బు అలాగే ఉంది.

నాన్న కైకలూరు వైపు చెరువుల నుంచి చేపల ట్రేలు వేసుకుని, గుడివాడ, కంకిపాడు మీదుగా విజయవాడ తెస్తారు. బండి పాతది. పెడల్ నుంచి డీజిల్ పంపు దాకా తీగే లాగాలి. లోడుతో చెరువు గట్టు దగ్గర నుంచి రోడ్డెక్కేటప్పుడు ఇంజన్ ఒక్కసారిగా రేస్ అయిపోయేది. కాలు తీసినా తగ్గేది కాదు. ఒకరోజు పొద్దున్నే కంకిపాడు దగ్గర కాలవ వంతెన ఎక్కుతుంటే మళ్లీ అదే. ఎదురుగా పిల్లలతో నిండిన స్కూలు ఆటో. నాన్న క్లచ్, బ్రేకు కలిపి తొక్కి పట్టారు కాబట్టి మధ్యలో రెండు మూడు అడుగులు మిగిలాయి. ఇక బాగయ్యేదాకా కిరాయిలు వద్దని ఇంట్లో అందరం గట్టిగా పట్టుబట్టాం.

చిక్కేంటంటే, డెల్టా అంతా బల్లపరుపు నేల. షెడ్డు ముందు ఖాళీ బండి ఎంత తిప్పినా ఈ ఫాల్టు బయటపడదు. గట్టో, వంతెనో, ఫ్లైఓవరో ఎక్కాలి. అదీ లోడుతో.

చివరికి విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లాం. ‘ఆటోనగర్ సూర్య’ చూసి ఆ పేటంటే ఫైట్లే అనుకునేవాళ్లు ఒకసారి పొద్దున పూట వెళ్లి చూడాలి. సందుకో స్పెషలిస్టు. మాకు దొరికిన మేస్త్రిగారు పానా ముట్టకుండా ముందు మూడు ప్రశ్నలు వేశారు. ‘న్యూట్రల్‌లో ఎప్పుడైనా రేస్ అయిందా బాబాయ్?’ లేదు. ‘రివర్సులో?’ లేదు. ‘క్లచ్ తొక్కితే తగ్గిపోతోందా?’ వెంటనే. ‘అయితే తీగ పాపం ఏమీ లేదు’ అన్నారు.

బానెట్ ఎత్తి, చక్రాలకు రాళ్లు పెట్టించి, నాన్నను బ్రేకు గట్టిగా తొక్కి ఫస్ట్ గేరులో క్లచ్ కొద్దిగా వదలమన్నారు. మమ్మల్ని బండి ముందు నిలబడనివ్వలేదు, పక్కనుంచే చూడమన్నారు. ఇంజన్ ఎడమ పక్క బెత్తెడు పైకి లేచింది! దాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే రబ్బరు ఫౌండేషన్ రెండు ముక్కలైపోయింది. పైనుంచి కారే ఇంజన్ ఆయిలు తాగి రబ్బరు ఉబ్బిపోయింది. కింద బోల్టులకు చేపల నీళ్ల తుప్పు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. తీగ పైతొడుగు ఒక కొస బాడీకి బిగించి ఉంటుంది, లోపలి తీగ రెండో కొస ఇంజన్‌కు. లోడు లాగేటప్పుడు ఇంజన్ లేస్తే తీగ బిగుసుకుంటుంది. అంటే ఎవరూ తొక్కకుండానే యాక్సిలరేటర్ పడుతుంది. దాంతో బలం పెరిగి ఇంజన్ ఇంకా లేస్తుంది, తీగ ఇంకా బిగుసుకుంటుంది. వడ్డీ మీద వడ్డీ లాగ! క్లచ్ తొక్కగానే ఇంజన్ కిందకు కూర్చుంటుంది. రివర్సులో మెలి రెండో వైపు కాబట్టి ఆ పక్క లేవదు.

ఇది మన పాత బండ్ల జబ్బు మాత్రమే అనుకోకండి. 1971 డిసెంబరులో అమెరికాలో జనరల్ మోటార్స్ ఇదే ఫౌండేషన్ లోపం మీద 67 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. వాటిలో పికప్‌లూ ఉన్నాయి. రబ్బరు విరిగినా ఇంజన్ లేవకుండా ఒక తీగతో కట్టి పంపింది.

మేస్త్రిగారు రెండు పక్కలా ఫౌండేషన్లు మార్చి, ఆయిలు లీకు ఆపి, తీగకు కాస్త వదులిచ్చారు. ఆ తర్వాత లోడుతోనే ట్రయల్ వేశాం. ఈ ట్రయల్ ఖాళీ బండితో వేస్తే దండగ.

మీ బండికి ఇలా అయితే ముందు కాళ్ల దగ్గర చూడండి. వానాకాలం బురదకని పరిచే గోనెసంచి పెడల్‌ను పట్టేస్తుంది. 2009 ఆగస్టులో శాన్ డియెగో దగ్గర లెక్సస్ కారు ఆగక నలుగురు చనిపోయారు. వేరే మోడల్ మ్యాట్ వేయడం వల్ల పెడల్ అందులో ఇరుక్కుందని దర్యాప్తులో తేలింది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 డీజిల్ పికప్‌లలో ఈ తీగ గొడవ లేదు. పెడల్ దగ్గర సెన్సార్ రెండు సిగ్నళ్లు పంపుతుంది, అవి పొంతన తప్పితే కంప్యూటర్ ఇంజన్ బలాన్ని తగ్గించేస్తుంది. అక్కడ స్కానర్ పెట్టాల్సిందే.

రోడ్డు మీద జరిగితే? క్లచ్, బ్రేకు గట్టిగా తొక్కి పట్టండి, బ్రేకును వదిలి వదిలి కొట్టొద్దు. న్యూట్రల్ చేయండి. ఇంజన్ అరిచినా భయపడకండి. బండి ఆగాకే తాళం తిప్పండి, ముందే పూర్తిగా తిప్పేస్తే స్టీరింగ్ లాక్ పడొచ్చు. తాళం తీసినా డీజిల్ ఇంజన్ ఆగకుండా తెల్లటి పొగ కక్కుతోందంటే అది తన ఆయిలునే తాగుతోందని అర్థం. అప్పుడు బ్రేకు తొక్కి పట్టి, టాప్ గేరులో క్లచ్ ఒక్కసారి వదిలి ఆపేయాలి. గాలి పీల్చే గొట్టానికి మాత్రం చెయ్యి అడ్డం పెట్టొద్దు.