ఆటస్థలమున న్యాయనిర్ణేత



బాస్కెట్ బాల్ అను క్రీడను 1891వ సంవత్సరమున అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు కల్పించెను. నాడు నియమములు 13 మాత్రమే. నేడవి యొక గ్రంథమైనవి. అప్పుడప్పుడు మారుచుండును గూడ. కావున శిక్షకుడు తన చిన్ననాటి నియమమునే నమ్మి, పిల్లల పోటీలో న్యాయనిర్ణేతపై కేకలు వేయుట కలదు. అప్పుడు నిర్ణేత యేమి చేయవలెను?

హిందూపురము బాలురకును ధర్మవరము బాలురకును పోటీ యనుకొనుడు. రైలుమార్గమున ఆ రెంటి నడుమనున్న పెనుకొండ యువకుడు నిర్ణేత. హిందూపురపు బాలుడు బంతితో దూసికొని వచ్చుచుండగా, ముందే యెదుట నిలిచిన ధర్మవరపు బాలుడు వెనుకకు జరుగుచు దారి కాచెను. వచ్చినవాడు వాని రొమ్మును ఢీకొనెను. నిర్ణేత యీల వేసి, బంతి గలవానిదే ఫౌలనెను. "కాచువాడు కదలినాడు, తప్పు వానిదే" యని హిందూపురపు శిక్షకుడు గద్దించెను.

ఇందు రెండు ప్రశ్నలు కలసియున్నవి. వాడు కదలెనా యనునది ప్రత్యక్షము. కదలుట తప్పా యనునది శాస్త్రము. న్యాయముగా ఎదుట నిలిచినవాడు తన స్థానము నిలుపుకొనుటకు ప్రక్కకు గాని వెనుకకు గాని కదలవచ్చునని నియమము. శిక్షకుడు చూచినది సత్యమే. చెప్పిన శాస్త్రమే తప్పు. ఆట ఆగి గడియారము నిలిచినపుడు శిక్షకుడు మర్యాదగా అడుగవచ్చును. నిర్ణేతయు దగ్గరకు పోయి, "అయ్యా, కదలినమాట నిజమే, వెనుకకు కదలుట నియమసమ్మతము" అని మెల్లగా ఒక్కమాట చెప్పవలెను. వాదము ప్రత్యక్షమును గూర్చినదైనచో, తాను చూచినది చెప్పి యూరకుండుట మేలు. తనకే నియమమున సందేహమున్నచో తోడి నిర్ణేత నడుగుట చిన్నతనము కాదు.

అప్పటికిని కేకలు మానకున్న ముందు హెచ్చరిక, పిదప టెక్నికల్ ఫౌలు. దానివలన ఎదిరిపక్షమునకు ఒక ఫ్రీ త్రో లభించును. శిక్షకుని దుష్ప్రవర్తనకే రెండవమారు అది విధింపబడినచో అతడు మైదానము విడువవలెను.

ఆ పోయిన పాయింటు పిల్లలది. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు: గురువు మాట నమ్మిన హిందూపురపు బాలుడు తన తప్పు నెరుగక, మరుసటి ఆటలోను అట్లే ఢీకొనును. కావున శిక్షకులు ప్రతి సంవత్సరము పోటీలకు ముందు నియమగ్రంథమును క్రొత్తగా చదివి, పిల్లలచే చదివింపవలెను.