పటంలో లేని పేట

మూడు తరాలుగా బరంపురంలో స్థిరపడిన కుటుంబం మాది. ముప్ఫై రెండేళ్ళు తెలుగు పంతులుగా పనిచేసి ఉద్యోగ విరమణ చేశాను. ఇలాంటివాడికి పటాలతో, ఉపగ్రహాలతో పనేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ చాలాకాలం అలాగే అనిపించేది. 2013 అక్టోబరులో వచ్చిన పైలిన్ తుపాను ఆ అభిప్రాయాన్ని మార్చింది.

మా ఊరికి కొంత దూరంలో సముద్రపొడ్డున చేపలు పట్టేవారి పేట ఒకటుంది. అక్కడివాళ్ళు తెలుగువాళ్ళే. ఒడియావారు వారిని నోళియాలంటారు. వారి పిల్లలు కొందరు నా దగ్గర చదువుకున్నారు. తుపాను పన్నెండో తేదీ రాత్రికి గోపాలపురం దగ్గర తీరం దాటుతుందని రేడియోలో, టీవీలో చెబుతూనే ఉన్నారు. పదకొండో తేదీ మధ్యాహ్నం ఆ పేట కుర్రాడు, నా పాత శిష్యుడే, సైకిలు మీద ఆయాసపడుతూ వచ్చాడు.

“మాస్టారూ, మా పేటకి బస్సు రానేదండి. ముసలోళ్ళు నడవనేరు. మీరొచ్చి ఓ మాట చెప్పండి బాబూ” అన్నాడు.

విచారిస్తే తెలిసింది. బస్సు బయలుదేరిన మాట నిజమే. కాని అది లోపలికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న పెద్ద గ్రామానికి వెళ్ళింది. రికార్డులో ఈ పేట ఆ గ్రామంలో భాగం. పేటవాళ్ళు తమ చోటును పూర్వీకుడొకరి పేరుతో పిలుచుకుంటారు. ఆ పేరు ఏ జాబితాలోనూ లేదు. ఒక పాత ఇంగ్లీషు పటంలో మూడో పేరు ఉంది, అదీ అక్షరాలు తారుమారై. జాబితా ప్రకారం బస్సు వెళ్ళింది, పని పూర్తయిందని రాసుకున్నారు. ఎవరి నిర్లక్ష్యమూ అనలేను. కాగితం చెప్పినట్టే వాళ్ళు చేశారు.

నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురికి ఫోన్లు చేసి, సంబంధించిన కార్యాలయానికి స్వయంగా వెళ్ళి, దారి చూపిస్తానని బతిమాలి, పొద్దుగుంకే వేళకు బస్సును పేటకు తీసుకువెళ్ళగలిగాం. మర్నాటి రాత్రి గంటకు 200 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. తెల్లవారి వెళ్ళి చూస్తే గుడిసెల్లో ఒక్కటీ నిలబడి లేదు. మనుషులు మాత్రం అందరూ దక్కారు.

1999 పెను తుపానులో ఒడిశాలో సుమారు పదివేలమంది చనిపోయారు. 2013లో దాదాపు పది లక్షలమందిని ముందే తరలించడంతో మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. ఉపగ్రహాలూ, వాతావరణ శాఖా, అధికారులూ కలిసి సాధించిన ఘనవిజయమది. అంత గొప్ప ఏర్పాటులోనూ మా పేట దాదాపు జారిపోయింది, పేరు సరిపోకపోవడం వల్ల.

ఈ సంగతి నా మనసులో అలాగే ఉండిపోయింది. 2022లో దసరాకు హైదరాబాదులో మా చెల్లెలింటికి వెళ్ళాను. అక్టోబరు 10 నుంచి 14 వరకు అక్కడ ఐక్యరాజ్యసమితి ప్రపంచ భౌగోళిక సమాచార మహాసభ జరిగింది. ఇది రెండోది. మొదటిది 2018లో చైనాలోని డెచింగ్‌లో జరిగింది. పటాల పనిలోనే ఉన్న మా మేనల్లుడు రోజూ ఆ సభకు వెళ్ళి వచ్చేవాడు. రాత్రి భోజనాల దగ్గర నా ప్రశ్నలకు ఓపికగా జవాబిచ్చాడు.

“ఏ దేశం పటం ఆ దేశం గీసుకుంటుంది కదరా, దీనికి ప్రపంచ సభ ఎందుకు?” అని అడిగాను.

“మామయ్యా, సముద్రమట్టం అన్ని దేశాలకూ ఒకటే అనుకుంటున్నావు కదూ?” అంటూ రైను నది మీద కట్టిన వంతెన సంగతి చెప్పాడు. లాఫెన్‌బర్గ్ దగ్గర జర్మనీ ఒక ఒడ్డు నుంచి, స్విట్జర్లాండు మరో ఒడ్డు నుంచి కట్టుకుంటూ వచ్చాయి. జర్మనీ ఎత్తులను ఉత్తర సముద్రం నుంచి, స్విట్జర్లాండు మధ్యధరా సముద్రం నుంచి కొలుస్తాయి. రెండింటికీ 27 సెంటీమీటర్ల తేడా ఉందని ఇంజనీర్లకు తెలుసు. కాని దాన్ని సరిచేసేటప్పుడు కూడవలసిన చోట తీసివేశారు. 2003లో చూసేసరికి తేడా 54 సెంటీమీటర్లయింది! ఒకవైపు కట్టడాన్ని మళ్ళీ సవరించుకోవలసి వచ్చింది. వంతెనకే ఇంత చిక్కుంటే నదుల వరదలకూ, పెరుగుతున్న సముద్రమట్టానికీ ఎంతుంటుంది? అందుకే 2015 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ, భూమినంతా ఒకే కొలమానంతో కొలిచే ఏర్పాటు కోసం దేశాలన్నీ సహకరించుకోవాలని తీర్మానించింది.

ఈ ప్రయత్నం కొత్తదేం కాదు. 1891లోనే పెంక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు, దేశాలన్నీ ఒకే పద్ధతిలో ప్రపంచ పటం గీయాలని ప్రతిపాదించాడు. దశాబ్దాలు గడిచినా ఆ పటం పూర్తికాలేదు. చివరకు 2011లో ఐక్యరాజ్యసమితి ఈ విషయంపై ప్రత్యేకంగా నిపుణుల సంఘాన్ని ఏర్పాటు చేసింది. 2018లో ప్రపంచ బ్యాంకుతో కలిసి, పేద దేశాలు కూడా తమ సమాచారాన్ని సక్రమంగా నిర్వహించుకోవడానికి ఒక మార్గదర్శిని తయారుచేసింది. ప్రతి దేశం దగ్గరా తప్పక ఉండవలసినవంటూ 14 రకాల సమాచారాన్ని ఎంచింది. నీరు, భూమి వినియోగం, రహదారులు, ఇళ్ళు, జనాభా వంటివి అందులో ఉన్నాయి. స్థలాల పేర్లు కూడా వాటిలో ఒకటి! ఆ మాట వినగానే నాకు పేట గుర్తొచ్చింది.

స్థలనామాల కోసం వేరే నిపుణుల బృందమే ఉందట. దాని మొదటి ప్రపంచ సమావేశం 1967లో జెనీవాలో జరిగింది. 2002లో బెర్లిన్ సమావేశం, అల్పసంఖ్యాక వర్గాలవారూ ఆదివాసులూ వాడే స్థలనామాలను ప్రోత్సహించాలని తీర్మానించింది. ఊరి పేరు అక్కడ బతికేవాళ్ళ నోటి నుంచి రావాలన్నదే అందులోని సారాంశం.

మన దేశంలో సర్వే ఆఫ్ ఇండియా 1767లో మొదలైంది. మన పాఠకుల్లో చాలామంది ఉంటున్న నేల మీదుగానే ఆ చరిత్ర నడిచింది. 1802లో లాంబ్టన్ భారతదేశపు మహా సర్వేకు తొలి గొలుసు పరిచింది మద్రాసు పరంగిమల దగ్గర. 1823లో ఆయన కన్నుమూసింది మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్‌లో. చాలాకాలం పటాల మీద ఆంక్షలుండేవి. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం వాటిలో చాలావాటిని సడలించింది. 2022 డిసెంబరులో జాతీయ విధానాన్నీ ప్రకటించింది.

హైదరాబాదు సభ నినాదంలో ‘ఎవ్వరూ వెనుకబడి పోకూడదు’ అన్న మాట ఉంది. మా మేనల్లుణ్ణి అడిగాను, “మరి మా పేట సంగతేమిటిరా?” అని. వాడు కాసేపు మౌనంగా ఉండి, “మామయ్యా, ఆకాశం నుంచి ఉపగ్రహం గుడిసె కప్పును చూడగలదు. ఆ చోటు పేరేమిటో చెప్పలేదు. అది మీరే చెప్పాలి” అన్నాడు.

తిరిగి వచ్చాక పేట పిల్లల్ని కూడగట్టాను. ఫోను పట్టుకుని ఒక్కొక్క చోటికీ వెళ్ళి ఆ స్థానం అంకెలు రాసుకున్నాం. గంగమ్మ గుడి, పడవలు లాగే రేవు, మంచినీళ్ళ బావి, తుపానుకు తలదాచుకునే బడి, ఇలా ఒక్కొక్కదానికీ పేటవాళ్ళు పిలిచే పేరు తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో రాశాం. ఏ వీధి పేరు ఏదో ముసలమ్మలు వాదించుకుని తేల్చారు. ఆ పుస్తకం ప్రతిని కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఆ పేరు ప్రభుత్వ జాబితాకు ఇంకా ఎక్కలేదు. రెండుసార్లు గుర్తుచేశాను. మళ్ళీ వెళతాను.

పాఠక సోదర సోదరీమణులకు నాదొక మనవి. హోసూరులో, బళ్ళారిలో, షోలాపూరులో, యానాంలో మీరుండే పేటలకూ వీధులకూ చెరువులకూ మన పెద్దలు పెట్టిన పేర్లు ఉంటాయి. అవి తెలిసినవాళ్ళు ఉండగానే రాసిపెట్టండి. అక్కడి రాష్ట్ర భాషలో కూడా రాయండి, పక్కింటివారిని కలుపుకోండి. ఇది ఎవరితోనూ పోటీకి కాదు. రేపు ఆపద వచ్చిన రోజున బస్సు మన గుమ్మం ముందు ఆగడానికి.