గ్లాసులో నున్నదియు తిండియే

చీరెల మూట భుజమున వేసికొని చాంపియన్ రీఫ్స్ లైన్లలో తిరుగు మన సోదరుల కొక చిక్కు కలదు. చీరె కొన్నను, కొనకున్నను, గడప త్రొక్కిన వానికి టీ ఈయక ఆ యిండ్లవారు పంపరు. "ఎండలో పడి వస్తివి గదన్నా, కూచో, ఒక లోటా టీ తాగి పో" అందురు. వద్దన్నచో చిన్నబుచ్చుకొందురు. చిన్నబుచ్చుకొన్న యింట మరల మూట విప్పుట కష్టము. పది యిండ్లు తిరుగునప్పటికి ఆరు గ్లాసుల టీ కడుపులో పడును.

బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడినవి. నాటినుండి అచ్చటి జనులు వేలకొలదిగా మారికుప్పం నుండి బెంగుళూరునకు రైలులో పనికి పోయి వచ్చుచున్నారు. పోవునప్పుడొక టీ, వచ్చునప్పుడొక టీ. గనులు పోయినవి గాని టీ గ్లాసు పోలేదు. మగ్గముమీద కూర్చుండు మన సంగతియు నంతే. కండె మార్చిన ప్రతిసారియు ఎవరో ఒకరు టీ మాట యెత్తుదురు.

ఇంత యేల చెప్పుచున్నామనగా, మన వారిలో మధుమేహము గలవారు నానాటికి ఎక్కువగుచున్నారు. దినమంతయు కూర్చుండి చేయు వృత్తి మనది. చక్కెర తగ్గవలెనని, బరువు తగ్గవలెనని, అన్నము, సంగటి మానివేయువారు మన సంఘములోనే కొందరు కలరు. వారందరును పళ్లెము సంగతి విచారించుచున్నారు. గ్లాసు సంగతి విచారించుట లేదు. ఆ మాటయే ఈ వ్యాసమున మనవి చేయదలచినాము.

ఈ పథ్యము క్రొత్తది కాదు

అన్నము, రొట్టె, చక్కెర వంటి పిండిపదార్థములు తగ్గించి, మాంసము, గ్రుడ్లు, కూరలు, నెయ్యి, నూనెలతో కడుపు నింపుకొను పథ్యము నేటిది కాదు. లండనులో విలియం బాంటింగ్ అను నతడు, శవసంస్కారముల సామగ్రి సమకూర్చు వర్తకుడు, లావెక్కి మెట్లు దిగలేని స్థితికి వచ్చి, హార్వే అను వైద్యుని సలహాపై ఈ విధమైన పథ్యము చేసి చిక్కెను. ఆ వృత్తాంతమును 1863లో చిన్న పుస్తకముగ అచ్చువేసెను. అందు తినవలసిన వాటితో పాటు త్రాగవలసిన వాటిని గూడ నిర్ణయించుట గమనింపదగినది. టీ త్రాగవచ్చును; కాని పాలు, చక్కెర కూడదు. బీరు అసలే కూడదు. నూట అరువది యేండ్ల క్రిందటనే గ్లాసును లెక్కలో చేర్చినారన్నమాట.

ఇటీవల అమెరికాలో దీనినే ఆదిమ మానవుని తిండి యని క్రొత్త పేరుతో ప్రచారము చేసిరి. మన తెలుగువారిలో 2018 ప్రాంతమున వీరమాచినేని రామకృష్ణగారి పద్ధతి ఇంటింట వినబడినది. దినమునకు 70 నుండి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు, రెండు విటమిను మాత్రలు అనునవి అందు నాలుగు స్తంభములు. నాలుగింటిలో రెండు త్రాగుటకు సంబంధించినవే. మేలు కలిగినదని చెప్పినవారును కలరు, ఆక్షేపించిన వైద్యులును కలరు. ఆ తగవు తీర్చుట మా పని కాదు. పథ్యము పట్టినవారు గ్లాసులో నేమి పోసికొనవలెనో చెప్పుటయే మా పని.

మా సభ్యుని కథ

మా సభ్యులలో అరువది యేండ్లు దాటిన నేతగాడొకరు కలరు. పేరు చెప్పుట ఆయన కిష్టము లేదు. మధుమేహమునకు మాత్రలు మ్రింగుచు, వారమునకు రెండు దినములు చాంపియన్ రీఫ్స్‌లో చీరెలు అమ్ముచుండును. పై పథ్యమును గూర్చి విని, మధ్యాహ్నపు సంగటి మానివేసెను. నెల దినములు నోరు కట్టుకొనెను. పరీక్ష చేయించగా చక్కెర దిగలేదు. "కడుపు మాడ్చుకొన్నదంతా వట్టిదే" యని వాపోయెను.

మేము కూర్చుండి లెక్క కట్టితిమి. టీ గ్లాసునకు రెండు చెంచాల చక్కెర, అనగా సుమారు 9 గ్రాములు. అందులోని పాలలో సహజముగ నుండు చక్కెర మరి రెండు మూడు గ్రాములు. ఆరు గ్లాసులకు సుమారు 70 గ్రాములు. నూరు గ్రాముల రాగిపిండితో చేసిన సంగటి ముద్దలో నుండు పిండిపదార్థము నించుమించుగ 70 గ్రాములే. మానివేసిన ముద్ద మానివేసినట్లే యుండి, గ్లాసుల దారిని తిరిగి లోనికి వచ్చుచుండెను! తేనె, బెల్లము, పానకములలో పోసినంత మాత్రమున చక్కెర తీరు మారదు. చేర్చుకొన్న చక్కెర దినమునకు 25 గ్రాములకు లోపుగ నుండుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినది.

లెక్క తెలిసిన మరునాటినుండి ఆయన పట్టుదలతో చక్కెర టీలు గూడ ఒక్కసారిగా మానెను. మాత్రలు మాత్రము యథాప్రకారము వేసికొనుచుండెను. అయిదవ దినమున చాంపియన్ రీఫ్స్ వీధిలో, పట్టపగలు, చెమటలు క్రమ్మి, చేతులు వణకి, మూటతో కూలబడెను. ఆ లైనులోని యిల్లాలొకతె గ్రహించి, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి త్రాగించెను. పావుగంటకు తేరుకొనెను. పిమ్మట వైద్యునికడకు పోగా, తిండి తగ్గినప్పుడు మాత్రయు తగ్గవలెనని చెప్పి, ఆ మేరకు తగ్గించిరి. ఆయన ఇప్పుడు కుశలము. చక్కెర యంత విషమని విడిచినాడో, ఆ దినము ఆ చక్కెరయే ఆయనకు మందైనది.

కావున మొదటి హెచ్చరిక ఇది. ఇన్సులిను గాని, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని వాడువారు వైద్యునితో చెప్పక ఈ పథ్యము పట్టరాదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి క్రొత్త మాత్రలు వాడువారికి, పిండిపదార్థములు బొత్తిగా మానినచో, రక్తమున ఆమ్లము పెరిగి ప్రాణాపాయము కలుగవచ్చును. గర్భిణులు, మూత్రపిండముల జబ్బు గలవారు తమంతట తాము దీనికి పూనుకొనరాదు.

నీరు, ఉప్పు

పథ్యము పట్టిన మొదటి వారములో తలనొప్పి, నీరసము, పిక్కలు పట్టుట పలువురికి కలుగును. కారణమిది: మన కాలేయమున, కండరములలో పిండిపదార్థము నిలువ యుండును, దానిలో ప్రతి గ్రామును సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకొని యుండును. నిలువ కరిగినకొద్దీ ఆ నీరు బయటికి పోవును. దానితో ఉప్పును పోవును. మొదటి వారమున తగ్గిన బరువులో పెద్ద పాలు ఈ నీరే. ఇది చూచి కొవ్వు కరిగెనని మురియరాదు.

ఉప్పు పోయినప్పుడు ఒట్టి నీరు మాత్రము త్రాగుట చాలదు. ఈ సంగతి గనులవారికి అనుభవమే. చాంపియన్ రీఫ్స్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుగలది; అట్టడుగున రాతి వేడి 60 డిగ్రీల సెంటిగ్రేడు దాటెడిది. అట్టి వేడిలో చెమటయై పోవునది నీరొకటే కాదు. 1920ల దశాబ్దమున ఇంగ్లండు బొగ్గు గనులలో, చెమట కారినవారు ఒట్టి నీరు త్రాగినకొద్దీ పిక్కలు పట్టుచుండగా, నీటిలో కొంచెము ఉప్పు కలిపి ఇచ్చిన పిమ్మట బాధ తగ్గుట పరిశోధకులు కనిపెట్టిరి. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, నిమ్మరసము పిండిన ఉప్పు నీరు మన పెద్దలు చెప్పిన మందులే. రక్తపు పోటు, గుండె జబ్బు గలవారు మాత్రము ఉప్పు మాట వైద్యునే అడుగవలెను.

ఇక కోలారు జిల్లావారికి ప్రత్యేకముగ ఒక మాట. ఇచ్చటి లోతైన బోరుబావుల నీటిలో పలుచోట్ల ఫ్లోరైడు మితిమీరి యున్నది. లీటరునకు 1 మిల్లీగ్రాము దాటకుండుట మంచిది. వేరు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు మన ప్రభుత్వ ప్రమాణము ఒప్పుకొనుచున్నది. లీటరునకు 2 మిల్లీగ్రాములున్న నీరు దినమునకు రెండు లీటర్లు త్రాగువాని దేహములోనికి 4 మిల్లీగ్రాములు పోవును. పథ్యము పేరిట నాలుగు లీటర్లు త్రాగువానికి 8 పోవును. ఏండ్ల తరబడి ఇట్లయినచో పండ్లు, ఎముకలు చెడును. కాచినందువలన ఫ్లోరైడు పోదు; నీరు ఆవిరియై మిగిలినదానిలో మరింత చిక్కనగును. కావున నీటిని పరీక్ష చేయించుకొని, శుద్ధి చేసిన నీరు తెచ్చుకొని, పిమ్మట లీటర్లు లెక్కపెట్టుడు. అందరికిని నాలుగు లీటర్లు కావలెనను నియమమేదియు లేదు. దప్పి, మూత్రపు రంగు మంచి గురుతులు.

ఏది పోసికొనవలెను, ఏది విడువవలెను

నిరభ్యంతరముగ త్రాగదగినవి: మంచినీరు, జీలకర్ర నీరు, మిరియాల కషాయము, చక్కెర లేని టీ, పాలు కలపని కాఫీ, నిమ్మరసపు ఉప్పు నీరు, పప్పు కలపని పలుచని చారు. మాంసము తినువారికి మేక కాళ్ల సూపు మిక్కిలి అనుకూలము.

మితముగ త్రాగదగినవి: పాలు, మజ్జిగ, కొబ్బరి నీరు. కోలారు జిల్లా పాలకు, పట్టుకు, బంగారమునకు పేరు పొందినది. పాలు మంచివే, కాని నూరు మిల్లీలీటర్లలో సుమారు 5 గ్రాముల చక్కెర కలదు. టీలో నాలుగు చెంచాలు పోసికొనవచ్చును గాని పెద్ద గ్లాసుడు త్రాగిన లెక్కకు వచ్చును. పెరుగును నాలుగింతల నీటితో చిలికిన మజ్జిగలో చక్కెర బహు స్వల్పము. కొబ్బరి బొండములో కాయను బట్టి పది గ్రాముల వరకు ఉండవచ్చును.

పథ్యమున్నంతకాలము విడువవలసినవి: చెరకు రసము, పావు లీటరునకు 30 గ్రాములకు పైమాట. సీసాలలో దొరకు కోలా పానీయములును, 300 మిల్లీలీటర్లకు సుమారు 32 గ్రాములు. తీపి గోలీ సోడా, బాదం పాలు, మాల్టు పొడులు. మామిడి రసము గూడ. శ్రీనివాసపురపు మామిడి ఎంత మధురమో అందు చక్కెరయు నంతే.

అన్నిటికంటె కష్టమైన మాట అంబలి గురించి. రాగి అంబలి మన సీమ జీవము. ఎముకలకు సున్నపు ధాతువు నిచ్చునది. సామాన్యముగ దానిని నిందింపరాదు. కాని ఈ పథ్యము పట్టినవాడు అంబలిని పానీయమనుకొనరాదు. అది పలుచనైన సంగటియే. పడుగునకు మనము పట్టించు గంజి ఆరినప్పుడు దారము బిరుసెక్కుట మన మెరుగుదుము. నీటిలో కలసి కనబడకపోయినను పిండి పిండియే. త్రాగు గంజికిని ఇదే న్యాయము.

మత్తు పానీయములలో బ్రాందీ, విస్కీలయందు చక్కెర లేదని కొందరు సంతోషించుచున్నారు. చక్కెర లేనిదెల్ల మంచిది కాదు. పైగా మధుమేహపు మాత్రలు వేసికొని, తిండి తినక త్రాగినచో, రాత్రివేళ రక్తములోని చక్కెర ప్రమాదకరముగ పడిపోవును. బీరులో పిండిపదార్థమును కలదు. చక్కెరకు బదులు వేయు కృత్రిమ తీపి పొడులు బరువు తగ్గుటకు నమ్మదగినవి కావని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సలహా యిచ్చినది. నాలుక తీపిని కొద్దికొద్దిగ మరచుటయే మేలు. రెండు చెంచాలనుండి ఒకటికి, ఒకటినుండి అరకు దిగినచో మూడు వారములలో నాలుక అలవాటు పడును.

వద్దనుట ఎట్లు?

లెక్కలన్నియు తెలిసినను, ఇంటి యిల్లాలు ఆదరముతో చేతికిచ్చిన గ్లాసును వెనుకకు త్రోయుట మర్యాద కాదు. మా సభ్యుడు ఇప్పుడు ముందుగనే "అక్కా, టీ ఈయి, తప్పక తాగుతా, చక్కెర మాత్రము వేయకు, నాకు షుగరు" అని చెప్పుచున్నాడు. ఎవరును చిన్నబుచ్చుకొనుట లేదు. పైగా సగము యిండ్లలో "మా యాయనకూ షుగరే నన్నా" యని తమ సంగతి చెప్పుకొని, పథ్యము వివరములడుగుచున్నారట. ఆనాడు చక్కెర నీళ్లు త్రాగించిన యిల్లాలు ఆయన వచ్చినప్పుడెల్ల చక్కెర లేని టీ వేరుగ కాచి యిచ్చుచున్నది. అయినను ఆయన మూటలో అత్యవసరమునకు చిన్న చక్కెర పొట్లము తప్పక యుండును. వైద్యుని మాట అది.

ఇది చదువు సంఘములవారికి మా విన్నపమొకటే. మన సమావేశములలో, నూలు పంపకమునాడు, చక్కెర కలిపిన టీ కాచి అందరికి నొకే తీరుగ పోయుచున్నాము. ఇకమీదట టీ చక్కెర లేకుండ కాచి, చక్కెరను ప్రక్కన వేరు గిన్నెలో నుంచుడు. కావలసినవారు వేసికొందురు, వద్దనువారు సిగ్గుపడనక్కరలేక త్రాగుదురు. దీనికి తీర్మానము, చందా, దరఖాస్తు ఏవియు అక్కరలేదు. ఒక గిన్నె, ఒక చెంచా చాలును.