బూతు మారిందని చెప్పే గొంతు

ఎన్నికల రోజుల్లో ఓటరు ఫోనుకు వచ్చే రికార్డు గొంతును ఆంధ్రప్రదేశ్‌లో చదువుకున్నవారూ, చదువు లేనివారూ ‘ఐవీఆర్ఎస్ కాల్’ అనే అంటారు. సర్వేలు, పథకాల మీద అభిప్రాయ సేకరణ, నాయకుల పలకరింపులు అన్నీ ఈ దారిలోనే వస్తాయి. 2024 ఎన్నికలకు ముందు అభ్యర్థుల ఎంపిక కోసం తెలుగుదేశం పార్టీ చేయించిన సర్వేలూ ఇలాగే నడిచాయి. తప్పుదోవ పట్టించే కాల్‌కు బలం ఈ అలవాటే. ఓటరు ఇలాంటి గొంతును ముందే పదిసార్లు విని ఉంటాడు కనుక పదకొండోది కొత్తగా తోచదు.

ఉదాహరణకు అనకాపల్లి లోక్‌సభ స్థానంలో 2024 నాటికి పదిహేను లక్షలకు పైగా ఓటర్లున్నారు. అందరికీ మనుషుల చేత ఫోను చేయించాలంటే నెలలు పడుతుంది. యంత్రానికి ఒక రోజు చాలు. ఆఫీసుల్లో వాడే పీఆర్ఐ లైను ఒక్కటి ఒకేసారి 30 కాల్స్‌ను మోస్తుంది. మోగడం, వినిపించడం కలిపి కాల్‌కు 40 సెకన్లు అనుకుంటే గంటకు 2,700 కాల్స్ వెళతాయి. ఇంటర్నెట్ మీద నడిచే సిప్ ట్రంకులో వెయ్యి లైన్లు అద్దెకు తీసుకుంటే గంటకు 90,000. ఆ లెక్కన నియోజకవర్గం మొత్తం పదిహేడు గంటల పని.

‘ఒకటి నొక్కండి’ అన్నప్పుడు జరిగేది కూడా తెలుసుకోదగ్గదే. ఫోనులో ప్రతి మీటా ఒకేసారి రెండు స్వరాలు పలుకుతుంది. ఒకటికి 697, 1209 హెర్ట్జ్‌లు. రెండుకు 697, 1336. అవతలి కంప్యూటరు ఆ జంటను గుర్తుపట్టి, జవాబును ఆ ఫోను నంబరు పక్కన రాసుకుంటుంది. ఎన్నికల సంఘం ప్రకటించే ఓటర్ల జాబితాలో పేరు, వయసు, ఇంటి నంబరు ఉంటాయి గానీ ఫోను నంబరు ఉండదు. ఆ రెంటినీ కలిపి, పక్కన ‘మనవాడు’, ‘కాదు’ అని గుర్తు పెట్టుకున్నవారి చేతిలో ఉన్నది మామూలు జాబితా కాదు. ఎవరికి ఏ అబద్ధం చెప్పాలో తేల్చేది అదే. 2019లో హైదరాబాదులో నమోదైన ఐటీ గ్రిడ్స్ కేసులో తెలంగాణ పోలీసులు మోపిన ఆరోపణ కూడా, సేవామిత్ర అనే పార్టీ యాప్ కోసం ఓటర్ల సమాచారాన్ని ఇలా జతచేశారనే. ఆ ఆరోపణను తెలుగుదేశం ఖండించింది.

ఇక తెర మీద కనిపించే నంబరు సంగతి. కాల్ మొదలైన చోట ఉన్న ఎక్స్చేంజీ గానీ సర్వరు గానీ ఏ నంబరు రాసి పంపితే, దారిలోని మిగతా ఎక్స్చేంజీలు చాలాకాలం దాన్నే నమ్మి ముందుకు పంపాయి. కవరు వెనక రాసిన ‘ఫ్రమ్’ అడ్రసును తపాలావారు సరిచూడరు కదా, ఇదీ అంతే. అమెరికా 2021 నుంచి కాల్‌కు డిజిటల్ సంతకం తగిలించే పద్ధతి తెచ్చింది. భారతదేశంలో, విదేశాల నుంచి వస్తూ ఇక్కడి నంబరు చూపించే కాల్స్‌ను ఆపే వ్యవస్థను టెలికాం శాఖ 2024 అక్టోబరులో ప్రారంభించింది. దేశంలోపల వేరొకరి పేరుతో తీసుకున్న సిమ్ నుంచి వచ్చే కాల్‌కు ఈ జల్లెడ అడ్డురాదు.

ఓటరును దారి తప్పించే కాల్‌కు బాగా తెలిసిన ఉదాహరణ కెనడాది. 2011 మే 2న పార్లమెంటు ఎన్నికల పోలింగు ఉదయం గ్వెల్ఫ్ పట్టణంలో సుమారు 6,700 నంబర్లకు ఒక కాల్ వెళ్లింది. మీ పోలింగ్ బూతు మారింది, ఫలానా చోటికి వెళ్లండి అని ఎన్నికల సంస్థ పేరుతోనే చెప్పింది. చాలామంది అక్కడికి వెళ్లి వెనుదిరిగారు. కాల్స్ ఏర్పాటుకు వాడిన ప్రీపెయిడ్ ఫోను ‘పియెర్ పుటీన్’ అనే కల్పిత పేరుతో నమోదైంది. కన్జర్వేటివ్ పార్టీ ప్రచార కార్యకర్త మైకేల్ సోనాకు 2014లో తొమ్మిది నెలల జైలు శిక్ష పడింది. దేశంలోని మరో ఆరు నియోజకవర్గాలపై వచ్చిన పిటిషన్లలో ఫెడరల్ కోర్టు 2013లో మోసం జరిగిందనీ, కాల్స్‌కు ఆ పార్టీ ఓటర్ల డేటాబేసే ఆధారమై ఉండవచ్చనీ తేల్చింది. ఫలితం తారుమారైందనే రుజువు లేదని ఎన్నికలను మాత్రం రద్దు చేయలేదు.

గ్వెల్ఫ్ కాల్‌లో ఏ అభ్యర్థినీ ఎవరూ ఒక్క మాట అనలేదని గమనించాలి. అబద్ధమంతా ఎక్కడ, ఎప్పుడు అన్న వివరాల్లోనే ఉంది. నాయకుడి మీద చెప్పిన అబద్ధాన్ని ఓటరు తన రాజకీయంతో తూచుకుంటాడు. బూతు గురించి చెప్పినదాన్ని తూచుకునే రాయి అతని దగ్గర ఉండదు. ఉత్తరాంధ్రలో దీనికి మరో రూపం సాధ్యం. ఓటు కోసం హైదరాబాదు నుంచి బస్సెక్కి వచ్చేవారు ఇక్కడ చాలామంది. ‘జాబితాలో మీ పేరు తీసేశారు’ అనే ఒక్క కాల్ వారి ప్రయాణం మాన్పించగలదు. 2019 ఎన్నికలకు ముందు రాష్ట్రంలో పేర్ల తొలగింపు కోరుతూ ఫారం-7లు లక్షల సంఖ్యలో దాఖలై, చాలాచోట్ల వేరేవారి పేర్లతో పెట్టారని పోలీసు కేసులైన చరిత్ర ఉంది. అలాంటి కాల్ ఆ భయం మీదే బతుకుతుంది.

2024లో రాష్ట్రంలో రచ్చకెక్కిన కాల్స్ మాత్రం భూమి గురించి. భూ హక్కుల చట్టంపై ఐవీఆర్ఎస్ కాల్స్‌తో తెలుగుదేశం తప్పుడు ప్రచారం చేస్తోందని వైఎస్సార్ కాంగ్రెస్ ఫిర్యాదు చేసింది. ఎన్నికల సంఘం విచారణకు ఆదేశించగా, మే తొలివారంలో సీఐడీ కేసు పెట్టింది. చట్టంపై విమర్శ ఎక్కడ ఆగుతుంది, అబద్ధం ఎక్కడ మొదలవుతుంది అనేది ఇక్కడ చిక్కు ప్రశ్న. చెరకు రైతుల జిల్లా అయిన అనకాపల్లిలో ‘మీ భూమి పోతుంది’ అన్న మాటకున్న పదును ఎవరికైనా తెలుసు. ఎన్నికల తర్వాత వచ్చిన ప్రభుత్వం జులైలో ఆ చట్టాన్నే రద్దు చేసింది.

చట్టం పట్టు ఈ విషయంలో వదులుగానే ఉంది. భారతీయ న్యాయ సంహితలోని 175వ సెక్షన్, పాత శిక్షాస్మృతిలో 171-జీ, అభ్యర్థి వ్యక్తిగత శీలం, నడవడి మీద చెప్పిన అబద్ధానికే వర్తిస్తుంది, శిక్ష కూడా జరిమానాతో సరి. బూతు మారిందన్న అబద్ధాన్ని ఓటు హక్కులో అక్రమ జోక్యం కింద పట్టుకోవాలి. దానికి ఏడాది వరకు జైలు ఉంది. పార్టీలు మూకుమ్మడిగా పంపే వాయిస్ మెసేజీలకు ముందస్తు ధ్రువీకరణ కావాలని ఎన్నికల సంఘం నియమం. అనామక కాల్ ఆ గడప తొక్కనే తొక్కదు.

గొంతు కూడా ఇప్పుడు సాక్ష్యం కాదు. 2024 జనవరి 21న అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో వేలమందికి అధ్యక్షుడు బైడెన్ గొంతుతో కాల్ వెళ్లింది. ప్రైమరీలో ఓటు వేయవద్దని, నవంబరు కోసం దాచుకోమని. ఆ గొంతును కంప్యూటరులో తయారు చేసినవారికి ముట్టింది 150 డాలర్లు. చేయించిన రాజకీయ సలహాదారుకు టెలికాం నియంత్రణ సంస్థ 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది, క్రిమినల్ కేసులో మాత్రం జ్యూరీ 2025లో నిర్దోషిగా వదిలేసింది.

బూతు గురించి వచ్చే కాల్‌ను సరిచూడడం అన్నిటికంటే తేలిక. పోలింగ్ కేంద్రాల జాబితా ఎన్నికల సంఘం ముందస్తు ఆమోదంతో ఖరారవుతుంది. ఓటరుకు తన కేంద్రం చిరునామాతో చీటీ తెచ్చి ఇచ్చేది బూత్ స్థాయి అధికారి (బీఎల్ఓ). ఎన్నికల హెల్ప్‌లైన్ 1950కి ఫోను చేసినా పేరు, బూతు చెబుతారు. అనుమానపు కాల్‌ను టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని ‘చక్షు’లో నమోదు చేయవచ్చు. వచ్చిన సమయం, నంబరు రాసిపెట్టుకుంటే దర్యాప్తుకు పనికొస్తుంది, ఎందుకంటే 2021 డిసెంబరు సవరణ ప్రకారం టెలికాం సంస్థలు కాల్ రికార్డులను కనీసం రెండేళ్లు దాచాలి.