గ్రీన్ కార్డ్ తర్వాత అమెరికా సిటిజన్‌షిప్: ఎవరికి, ఎప్పుడు, ఏం వదులుకోవాలి?

పోయిన ఎపిసోడ్‌లో గ్రీన్ కార్డ్ దాకా వచ్చి ఆగాం. ఈ రోజు దాని తర్వాతి మెట్టు, అమెరికా సిటిజన్‌షిప్ గురించి మాట్లాడుకుందాం. మనవాళ్లు చాలామంది దీన్ని ఒక పరీక్షలాగా చూస్తారు. ప్రశ్నలు బట్టీ పట్టేస్తే పనైపోతుంది అనుకుంటారు. నన్నడిగితే ఇందులో పరీక్ష చాలా చిన్న విషయమండి. అసలు కష్టం రోజుల లెక్క దగ్గర, ఆ తర్వాత ఇండియన్ పాస్‌పోర్ట్ వదులుకునే దగ్గర ఉంటుంది.

ముందు లెక్క చూద్దాం. గ్రీన్ కార్డ్ వచ్చిన 5 ఏళ్లకి అప్లై చేయొచ్చు. అమెరికన్ సిటిజన్‌ని పెళ్లి చేసుకుని, వాళ్లతోనే కలిసి ఉంటుంటే 3 ఏళ్లు చాలు. గడువుకి 90 రోజుల ముందే ఎన్-400 అనే ఫారం వేసుకోవచ్చు. హెచ్-1 మీద ఉన్న ఏళ్లు ఇందులోకి రావు. పదేళ్లు హెచ్-1 మీద పన్నులు కట్టినా సరే, లెక్క గ్రీన్ కార్డ్ వచ్చిన రోజు నుంచే మొదలు.

ఈ 5 ఏళ్లలో కనీసం 30 నెలలు, అంటే 913 రోజులు, మనిషి అమెరికాలో ఉండాలి. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది ఇంకోటుంది. ఒక్క ట్రిప్పులోనే 6 నెలలు దాటి బయట ఉంటే, మీ నివాసం తెగిపోయిందని వాళ్లు ముందే అనుకుంటారు. కాదని నిరూపించాల్సింది మీరు. ఇల్లు ఉంచుకున్నాను, ఉద్యోగం మానలేదు, భార్యాపిల్లలు ఇక్కడే ఉన్నారు అని కాగితాలు చూపించుకోవాలి. ఏడాది దాటితే మాత్రం ఆ అవకాశం కూడా ఉండదు, తెగిపోయినట్టే.

ఉదాహరణకి ఒకాయనకి 2020 మార్చిలో గ్రీన్ కార్డ్ వచ్చిందనుకుందాం. 2022 ఏప్రిల్‌లో నాన్నగారికి పక్షవాతం వచ్చి ఊరెళ్లాడు. ముందుచూపుతో రీఎంట్రీ పర్మిట్ తీసుకునే వెళ్లాడు. 2023 జూన్ 1న తిరిగొచ్చాడు. పర్మిట్ ఉంది కాబట్టి ఎయిర్‌పోర్టులో ఇబ్బంది లేదు, గ్రీన్ కార్డ్ నిలిచింది. కానీ ఆ పర్మిట్ సిటిజన్‌షిప్ లెక్కని కాపాడదు! 2025లో అప్లై చేయాల్సిన మనిషి ఇప్పుడు వచ్చిన రోజు నుంచి 4 ఏళ్ల ఒక రోజు, అంటే 2027 జూన్ దాకా ఆగాలి. అప్పుడు వేసినా పాత ట్రిప్పు గురించి అడుగుతారు. ఇంకో 6 నెలలు ఆగి వేస్తే ఆ ప్రశ్న రాదు. తండ్రి దగ్గర ఉండొద్దని నేను చెప్పట్లేదు. కుదిరితే మధ్యలో ఒకసారి వచ్చి వెళ్లండి, కుదరకపోతే ఎంత పోతుందో తెలుసుకుని వెళ్లండి అంటున్నాను.

ఇంకో ప్రమాదం డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఉంది. ఓటరుగా నమోదు చేయమంటారా అని అక్కడి ఫారంలో ఒక గడి ఉంటుంది. గ్రీన్ కార్డ్ వాళ్లు దానికి టిక్ పెట్టకూడదు. సిటిజన్‌నని అబద్ధం చెప్పినట్టు అవుతుంది, దేశం నుంచి పంపించేదాకా వెళ్లొచ్చు. స్పీడింగ్ టికెట్ కంటే దీనికి భయపడాలి.

పరీక్ష సంగతి త్వరగా చెప్పేస్తాను. 2025 అక్టోబర్ 20 నుంచి అప్లై చేసినవాళ్లకి కొత్త పరీక్ష. 128 ప్రశ్నల్లోంచి 20 దాకా అడుగుతారు, 12 చెప్తే పాస్. ఇంగ్లీషులో ఒక వాక్యం చదవాలి, ఒకటి రాయాలి. మన అమ్మానాన్నల కోసం ఒక మాట. 50 ఏళ్లు నిండి 20 ఏళ్లుగా గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకీ, 55 నిండి 15 ఏళ్లుగా ఉన్నవాళ్లకీ ఇంగ్లీషు పరీక్ష లేదు. దుబాసీని పెట్టుకుని సమాధానాలు శుభ్రంగా తెలుగులో చెప్పొచ్చు.

ఇంతకీ ఈ దారి మనకి ఎప్పుడూ ఉన్నది కాదు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో, భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1946లో చట్టం మార్చేదాకా అదే పరిస్థితి. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లోనూ, లెడర్లీలోనూ పనిచేసిన కాలం ఎక్కువగా అదే. అంతటి శాస్త్రవేత్తకైనా ఆ ఏళ్లలో పౌరుడు కావాలంటే చట్టం ఒప్పుకోదు.

సరే, ఇక రెండో కష్టం. ఓత్ తీసుకున్న రోజే మీ భారత పౌరసత్వం పోతుంది. 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ఇదే చెప్తుంది. మనం ఇష్టపడి ఇంకో దేశం పౌరసత్వం తీసుకుంటే ఇది దానంతట అదే పోతుంది. ఆ తర్వాత ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ప్రయాణం చేయడం నేరం, దాన్ని సరెండర్ చేయాలి. ఓసీఐని కొందరు ద్వంద్వ పౌరసత్వం అంటుంటారు. కాదండీ, అది జీవితకాలం పనిచేసే వీసా లాంటిది. దానితో ఓటు రాదు. ఎన్ఆర్ఐగా ఉన్నంతకాలం పేరు నమోదు చేయించుకుని ఊరొచ్చి ఓటేయొచ్చు. 2024 మే 13న టికెట్లు కొనుక్కుని వచ్చి మరీ ఓటేసినవాళ్లున్నారు కదా. ఓత్ తర్వాత అది ముగిసినట్టే.

పొలం పోతుందని మాత్రం భయపడకండి. ముందు నుంచి మీ పేరు మీద ఉన్న పొలం మీదే. నాన్నగారి తర్వాత వారసత్వంగా వచ్చేది కూడా వస్తుంది. కొత్తగా వ్యవసాయ భూమి కొనలేరు, నిజమే, కానీ ఎన్ఆర్ఐగా ఉన్నా అది కొనడానికి వీల్లేదు. అమ్మాలంటే ఇండియాలో నివసించేవాళ్లకే అమ్మాలి.

మరి ఇంత వదులుకుని ఎందుకు తీసుకుంటారు అంటే, చాలా ఇళ్లల్లో కారణం అమ్మానాన్నలే. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు తల్లిదండ్రులకి స్పాన్సర్ చేయలేరు. 21 దాటిన సిటిజన్ చేయగలరు, అందులో కోటా క్యూ కూడా లేదు. పిల్లల విషయం ఇంకా ముఖ్యం. 18 నిండక ముందు, గ్రీన్ కార్డ్ ఉండి మీతోనే అమెరికాలో ఉంటే, మీరు సిటిజన్ అవగానే వాళ్లూ అవుతారు. విడిగా ఎన్-400 అక్కర్లేదు. పాపకి 17 నడుస్తుంటే 'వచ్చే ఏడాది చూద్దాంలే' అనకండి.

చివరిగా ఓత్ తేదీ గురించి. ఆ రోజు గ్రీన్ కార్డ్ తీసేసుకుని సర్టిఫికెట్ ఇస్తారు. ఇండియన్ పాస్‌పోర్ట్ వాడకూడదు, అమెరికన్ పాస్‌పోర్ట్ ఇంకా చేతికి రాలేదు, ఓసీఐ దాని తర్వాత. ఆ మధ్యలో ఊరి నుంచి ఫోన్ వస్తే వెంటనే బయల్దేరడం కష్టం. ఇంట్లో పెద్దవాళ్లు ఆసుపత్రిలో ఉంటే, కారణం రాసి ఓత్ వాయిదా అడగొచ్చు. ముందు ఊరెళ్లి రండి.

ఓసీఐకి ఏ కాగితాలు కావాలో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.