నిరూపణభారము

దసరా వెళ్లిన పిమ్మట ఒడిశాలోని బలంగీరు, నువాపడా జిల్లాలనుండి ఆలుమగలు పిల్లలను వెంటబెట్టుకొని రైలెక్కి, హైదరాబాదు శివారులలోను పెద్దపల్లి ప్రాంతమునను గల ఇటుకబట్టీలకు చేరుట ఏటేటను జరుగుచున్న వలస. వారు రైలెక్కుటకు పూర్వమే సర్దారు అనబడు మధ్యవర్తి వారి చేతిలో అడ్వాన్సు పెట్టియుండును. ఆ సొమ్ము పెండ్లికో, రోగమునకో, పాత అప్పునకో ఊరు విడువకముందే చెల్లిపోవును. ఇక వానలు దిగువరకును మట్టి కలిపి, అచ్చులలో పోసి, ఎండబెట్టి, వెయ్యి పచ్చియిటుకలకు ఇంత యను లెక్కపై ఆ బాకీ తీర్చవలెను. వారమువారము నూకలకును నూనెకును ఇచ్చు డబ్బులు మరల ఆ పద్దులోనే చేరును. అకాలవర్షమునకు ఆరబెట్టిన యిటుక కరగిపోయినచో ఆ నష్టమును పలుచోట్ల కూలివానికే కట్టుదురు. పద్దుపుస్తకము యజమాని బల్లసొరుగులో నుండును. అందలి తెలుగు అక్షరములు ఒడియా కూలికి చదువరావు. బట్టీలన్నియు నిట్లే యున్నవని నే ననను. కాని తల్లికి జబ్బుచేసినదని ఊరికి పోనెంచిన కూలిని "ముందు లెక్క తేల్చి కదులు" అని గేటుకడ నిలిపివేయుచోట, ఆ క్షణముననే కూలివాడు వెట్టివాడగుచున్నాడు.

ఎవ్వరిని దాస్యమున నుంచరాదని 1948నాటి సార్వత్రిక మానవహక్కుల ప్రకటన చాటినది. మన రాజ్యాంగముయొక్క 23వ అధికరణము వెట్టిని, నిర్బంధశ్రమను నిషేధించినది. ప్రాథమికహక్కులలో పెక్కు ప్రభుత్వమునకు మాత్రమే పగ్గము వేయునవి కాగా, ఈ హక్కు బట్టీ యజమానిని, భూస్వామిని, గుత్తేదారుని సైతము నేరుగా నిలదీయును. అయినను గేటుకడ నిలిచిన దంపతులకు అధికరణముల సంఖ్యతో పనిలేదు. బాకీ ఉన్నదని యజమానియు, లేదని కూలియు అన్నప్పుడు అధికారి ఎవరిని ఋజువు అడుగును? హక్కు నిజముగా హక్కగుటయు, కాగితముపై అక్షరమై మిగులుటయు ఈ ప్రశ్నపై ఆధారపడియున్నవి.

ఈ మర్మమును గ్రహించిన శాసనము 1976నాటి వెట్టిచాకిరి విధాన నిర్మూలన చట్టము. అత్యవసరపరిస్థితి కాలమున, పౌరస్వేచ్ఛలు అడుగంటియున్న దినములలో, 1975 అక్టోబరు 25 మొదలు అమలులోనికి వచ్చిన ఆర్డినెన్సునుండి ఇది పుట్టుట చరిత్రలోని వింతలలో నొకటి. దీని ననుసరించి వెట్టిబాకీ మొత్తము రద్దు; దానికై కుదువబెట్టిన ఆస్తిని తిరిగి యీయవలెను; రద్దయిన బాకీ క్రింద యజమాని ఒక్క రూపాయి పుచ్చుకొనినను అదియే నేరము. అన్నిటికంటె విలువగలది చాలమంది చూడక దాటిపోవు 15వ సెక్షను: ఇది వెట్టిబాకీ యని కూలి యన్నచో, కాదని నిరూపించు భారము అప్పిచ్చినవానిదే. చదువు, సొమ్ము, పుస్తకము ఎవరియొద్ద నున్నవో ఋజువు తెచ్చు శ్రమయు వారికే యుండుట న్యాయము గదా!

న్యాయస్థానము లీ మార్గముననే మరికొంత దూరము నడచినవి. ఢిల్లీ ఏషియాడ్ క్రీడల నిర్మాణములందలి కూలీలకు సంబంధించిన వ్యాజ్యమున 1982లో సుప్రీంకోర్టు, కనీసవేతనముకంటె తక్కువకు పనిచేయించుటయు నిర్బంధశ్రమయే యని తీర్మానించినది. ఆకలి సైతము బలాత్కారమే యని దాని భావము. ఫరీదాబాదు రాతిక్వారీల స్థితినిగూర్చి బంధువా ముక్తి మోర్చా అను సంస్థ వ్రాసిన ఉత్తరమునే రిట్ పిటిషనుగా స్వీకరించి విచారించిన మరియొక వ్యాజ్యమున, నిర్బంధశ్రమ కనబడినచో అడ్వాన్సువలననే యది జరుగుచున్నదని ఊహింపవలెనని జస్టిస్ భగవతి ప్రభృతులు నిర్ణయించిరి. అడ్వాన్సు తీసికొన్నట్లు కూలియే నిరూపించుకొనవలెనన్న వాదము నిలువలేదు.

తెలంగాణమునకు ఈ విషయము క్రొత్త కాదు. కులవృత్తులవారిచే ఊరి పెత్తందారులు ఉచితముగా చేయించుకొన్న వెట్టిని ఆంధ్రమహాసభ ఎదిరించెను. అప్పునకై ఏండ్లతరబడి సేద్యపుచాకిరి చేసిన భగేలాలకొరకు నైజాం ప్రభుత్వము 1943లో ఒక నిబంధన చేసినను దొరల పెత్తనము ముందు అది పెద్దగా ఫలింపలేదు. చట్టమునకు ప్రాణము పోయు అధికారి యొకడుండిన నేమగునో చూపినవాడు ఎస్.ఆర్. శంకరన్. ఆంధ్రప్రదేశ్ సాంఘికసంక్షేమశాఖ కార్యదర్శిగా ఆయన, బాకీలు రద్దయిన వార్తను దొరల గుమ్మములు దాటించి జీతగాండ్ర గుడిసెలకు చేర్చుటయే తన యుద్యోగమని తలచెను. ఆ యుత్సాహము రాష్ట్రములోని పెద్దలకు రుచింపలేదు. ఆయన పిమ్మట త్రిపురకు వెళ్లి ప్రధానకార్యదర్శిగా పనిచేసెను. తరువాతి కాలమున పద్మభూషణ్ ఇచ్చినను స్వీకరింపలేదు.

1976 చట్టము క్రింద, వెట్టి జరుగుచున్నదని తెలిసినవారు, బంధువే కానక్కరలేదు, కలెక్టరుకు గాని, ఆర్డీవోకు గాని తెలుపవచ్చును. విచారించునపుడు యజమానిని, సర్దారును వినబడనంత దూరమున నుంచి, కూలిని వాని భాషలో అడుగుట మిక్కిలి యవసరము. వారి యెదుట అడిగినచో ఏ కూలికైనను "బాగానే యున్నాము" అనక తప్పదు. వెట్టి యని తేలినచో విడుదలపత్ర మీయవలెను. ఆ పత్రము లేనివానికి ప్రభుత్వసహాయము అందదు గనుక, దానిని వ్రాయుటలో అధికారులు చేయు జాప్యము చిన్న తప్పు కాదు.

సహాయవిషయమున మాత్రము భారము మరల కూలివైపునకే ఒరిగినది. 2016నాటి కేంద్రపథకమున పురుషునకు లక్ష రూపాయలు, స్త్రీలకు పిల్లలకు రెండు లక్షలు, ఘోరమైన దోపిడికి గురియైనవారికి మూడు లక్షలు నిర్ణయించిరి గాని, తక్షణసహాయముగా నాడు నిర్ణయించిన 20,000 రూపాయలు తప్ప తక్కిన సొమ్మును కోర్టులో వెట్టి ఋజువగుటతో ముడిపెట్టిరి. కోర్టువాయిదాలు ఏండ్లకొలది సాగును. సాక్ష్యము చెప్పవలసిన కూలి అంతలో మరియొకచోట పని వెదకుకొని పోవును. వాడు రానందున కేసు వీగిపోయినచో, ఆ సొమ్మును వాడు కోల్పోవును.