అమెరికా వీసా రాకపోతే అమ్మాయి పుట్టింటనేనా?

మంగినపూడి: మంగినపూడి తీరం మొదలు బందరు, గుడివాడ, దివిసీమ దాకా అమెరికా సంబంధం కుదరడం నేడు వింత కాదు. పెళ్లిపందిరి తీసిన నాటినుంచి ఆ ఇంట ఎదురుచూపులన్నీ వీసా కోసమే. ఇంటర్వ్యూకు వెళ్లిన అమ్మాయి నిరాకరణ కాగితంతో తిరిగివస్తే, ఇరుగుపొరుగు ప్రశ్నలకు తల్లిదండ్రుల వద్ద జవాబు ఉండదు. సరిగ్గా అప్పుడే "నేను చూసుకుంటాను" అంటూ దళారి గడప తొక్కుతాడు. పెళ్లికి అప్పుచేసిన రైతు మరో ఎకరం తాకట్టు పెట్టడానికి సిద్ధపడతాడు.

అయితే నిరాకరణలన్నీ ఒకటి కావు. ఏ సెక్షను కింద ఆపారో ఆ కాగితంలోనే రాసి ఉంటుంది. దానినిబట్టే తరువాతి దారి.

కాగితం మీద 221(జి) అని ఉంటే చాలావరకు తలుపు మూసినట్లు కాదు. ఏదో పత్రం తక్కువైందనో, విచారణ మిగిలి ఉందనో అర్థం. అడిగిన పత్రాన్ని ఏడాదిలోగా అందజేయాలి. గడువు దాటితే మళ్లీ ఫీజు కట్టి మొదటికి రావలసిందే.

అల్లుడి ఆదాయం చాలదన్నందువల్ల ఆగితే, అమెరికాలో స్థిరపడిన మరొకరు ఉమ్మడి హామీదారుగా సంతకం చేయవచ్చును. ఆ హామీ చట్టబద్ధమైనది గనుక ఎవరూ మొగమాటానికి చేసేది కాదు.

అల్లుడు వేసిన ఐ-130 పిటిషన్‌నే అక్కడి వలస శాఖ తిరస్కరిస్తే, నోటీసులో చూపిన గడువులోగా అప్పీలు చేసుకోవచ్చును. అప్పీలు చేయవలసింది అతడే, అమ్మాయి కాదు. లోపాలు దిద్దుకుని కొత్త పిటిషన్ కూడా వేయవచ్చును. కాన్సులేట్ అనుమానపడి పిటిషన్‌ను వెనక్కు పంపితే, అక్కడినుంచి వచ్చే నోటీసుకు ఆధారాలతో జవాబివ్వాలి. శుభలేఖ, పెళ్లి ఫోటోలు, ఇద్దరూ మాట్లాడుకున్న ఫోను వివరాలు, డబ్బు పంపిన రసీదులు ఇక్కడే అక్కరకు వస్తాయి.

అన్నిటికంటె ప్రమాదకరమైనది అబద్ధం. దొంగ సర్టిఫికెట్టు పెట్టినట్లు, ముఖ్య విషయం దాచినట్లు తేలితే జీవితాంతం నిషేధం పడుతుంది. అమ్మాయి రాకపోవడంవల్ల అక్కడి భర్తకు తీవ్రమైన కష్టం కలుగుతున్నదని రుజువు చేసి ఐ-601 అనే మినహాయింపు కోరడం ఒక్కటే మార్గం. వీసాకోసమే చేసిన దొంగపెళ్లి అని ఒకసారి తేలితే, తరువాత నిజమైన పెళ్లి చేసుకున్నా వలస పిటిషన్ ఆమోదించరు. "ఏదో ఒక కాగితం పుట్టిద్దాం" అనే దళారి మాట వింటే జరిగేది ఇదే.

కాన్సులేట్ నిర్ణయంపై కోర్టుకెక్కే అవకాశం దాదాపు లేదు. విదేశీ జీవితభాగస్వామిని తెచ్చుకోవడం పౌరులకు రాజ్యాంగపరమైన ప్రాథమిక హక్కు కాదని అమెరికా సుప్రీంకోర్టు 2024 జూన్‌లో సాండ్రా మునోజ్ కేసులో తీర్పిచ్చింది. ఆమె అమెరికా పౌరురాలు, భర్త ఎల్ సాల్వడార్ దేశస్థుడు.

అల్లుడు హెచ్-1 వీసాపై ఉద్యోగం చేస్తున్నట్లయితే అమ్మాయికి కావలసింది హెచ్-4. అది కాదంటే అప్పీలు లేదు; కారణం సరిచేసుకుని, ఫీజు కట్టి మళ్లీ దరఖాస్తు చేయాలి.

చిక్కులు చాలావరకు ఇంటివద్దనే మొదలవుతున్నాయి. పదో తరగతి సర్టిఫికెట్టులో ఒక పుట్టినతేదీ, జనన రిజిస్టరులో మరొకటి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక తీరు, పెళ్లి సర్టిఫికెట్టులో మరో తీరు. పుట్టుక నమోదు కాకపోతే, రికార్డు లేదని అధికారులిచ్చే పత్రానికి బడి సర్టిఫికెట్టు, తల్లిదండ్రుల ప్రమాణపత్రాలు జోడించవచ్చును. గుడిలో తాళి కట్టినా, కల్యాణ మండపంలో కట్టినా పెళ్లిని రిజిస్టరు చేయించడం 2002 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం తప్పనిసరి.

వీసా వంకతో అల్లుడు ముఖం చాటేస్తే అది వేరే సమస్య. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 చట్టంలో ఉన్నది. అందుకు బందరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చును. ప్రవాస భర్తలపై ఫిర్యాదులకు జాతీయ మహిళా కమిషన్‌లో ప్రత్యేక విభాగం ఉన్నది.

దళారికి డబ్బు కట్టేముందు నిరాకరణ కాగితాన్ని చదువుకున్నవారి చేత పూర్తిగా చదివించుకుని, అమెరికాలో లైసెన్సున్న వలస న్యాయవాదికి అల్లుడి ద్వారా చూపించడం శ్రేయస్కరం. పొలం తాకట్టు సంగతి ఆ తరువాత ఆలోచించవచ్చును.